ఖాళీ గడిలో నాలుగున్నర బస్తాలు

1962వ సంవత్సరం, ఏప్రిల్ నెల. నెల్లూరులో వ్యవసాయ ప్రయోగాల లెక్కలు చూసే ఒక చిన్న ఆఫీసులో స్టాటిస్టికల్ అసిస్టెంటుగా చేరాను. గది చిన్నది, ఎండ పెద్దది. నాకంటూ ఒక బల్ల, చేత్తో తిప్పే కాలిక్యులేటర్ మిషను ఇచ్చారు. దాన్ని తిప్పుతుంటే పక్కగదిలో వాళ్ళు విసుక్కునేవారు. మా నాన్నకి బిట్రగుంట రైల్వేలో ఉద్యోగం. కొడుకు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే, "వడ్లు లెక్కపెడతాడు" అనేవాడు. ఎగతాళే, కానీ అబద్ధం కాదు.

స్టాటిస్టిక్స్ అంటే సగటు కట్టడమే అనుకుంటారు చాలామంది. సగటు కట్టడం ఎవరికైనా వస్తుంది. ఏ సగటు కట్టవచ్చు, ఏది కట్టకూడదు అన్నదే మా వృత్తి. ప్రతి పద్ధతికీ కొన్ని షరతులుంటాయి. వాటిని అజంప్షన్స్ అంటాం. మందుసీసా మీద "భోజనం తర్వాతే" అని రాసినట్టు, ఆ షరతులు కుదిరితేనే ఆ పద్ధతి పనిచేస్తుంది. కుదరకపోయినా అంకె మాత్రం వస్తుంది. మిషను తిప్పితే ఏదో ఒక అంకె రాకుండా ఉండదు, ప్రమాదమంతా అక్కడే ఉంది.

నేను చేరేటప్పటికి ఒక ప్రయోగం అప్పుడే ముగిసింది. సముద్రం దగ్గర ఉప్పుటేటి వెంబడి ఉన్న ఊళ్ళలో కొత్తరకం వరి పండుతుందా అన్నది తేల్చాలి. అక్కడివాళ్ళు తాతలనాటి నుంచి ఎర్రవడ్లు వేస్తారు. దిగుబడి తక్కువ, అన్నం మొరటు. పన్నెండు మంది రైతులను ఎంచుకుని, ఒక్కొక్కరి కయ్యను సగానికి విడదీసి ఒక సగంలో కొత్తరకం, ఒక సగంలో ఎర్రవడ్లు నాటించారు. నెల్లూరు వాళ్ళకి చెప్పనక్కరలేదు, కయ్య అంటే వరిమడి. ఇట్లా జంటగా వేసినవాటిని పెయిర్డ్ ప్లాట్స్ అంటాం. నేల, నీరు, రైతు, ఎరువు అన్నీ ఒకటే కనుక ఉన్న తేడా విత్తనానిదే అని చెప్పడానికి వీలవుతుంది.

పట్టిక నా బల్ల మీదికి వచ్చింది. కొత్తరకం బ్రహ్మాండంగా గెలిచినట్టు అడుగున రాసి ఉంది. ఆ వచ్చే వర్షాకాలానికి ఉప్పుటేటి ఊళ్ళన్నిటికీ అదే విత్తనం పంచుదామని సిఫారసు కూడా తయారయింది. సరిచూసి సంతకం పెట్టడమే నా వంతు. నాలుగు గళ్ళలో అంకెల చుట్టూ ఎర్రసిరా గీత ఉంది. అవి పండిన పంట తూకాలు కావు, నాకు ముందు పనిచేసినాయన లెక్కగట్టి నింపినవి. పక్కన కారణం: పశువులు మేశాయి.

దీన్ని మిస్సింగ్ ప్లాట్ పద్ధతి అంటాం. ప్రయోగంలో ఒక మడి ఏ దొంగతనానికో, ఏ గొడ్డు నోటికో పోతే ప్రయోగమంతా పారేయలేం. మిగతా మడులను బట్టి, ఇది ఉండి ఉంటే ఎంత పండేదో ఒక సూత్రంతో అంచనా వేసి ఖాళీ గడిలో రాస్తాం. మంచి పద్ధతే. దానికున్న షరతు ఒకటే: ఆ మడి పోవడానికీ, అందులో వేసిన విత్తనానికీ సంబంధం ఉండకూడదు.

నాకు అనుమానం వచ్చింది అక్కడే. పోయిన నాలుగూ కొత్తరకం వేసిన సగాలే. పక్కనే ఒకే గట్టులోపల ఉన్న ఎర్రవడ్ల జోలికి ఒక్క గొడ్డు కూడా పోలేదు. రూపాయి బిళ్ళ నాలుగుసార్లు ఎగరేస్తే నాలుగుసార్లూ బొమ్మే పడవచ్చు, అందులో వింత లేదు. కానీ గొడ్లకి అంత రుచిభేదం ఉంటుందా అని మాత్రం అనిపించింది. మా ఆఫీసరు రంగనాథం గారిని అడిగాను.

"పుస్తకంలో ఉన్నట్టే చేశాం కదయ్యా" అన్నారాయన. మంచి మనిషి, పుస్తకం అంటే గురి ఎక్కువ. "అనుమానం ఉంటే పోయి చూసి రా. బస్సు టికెట్టు దాచుకో."

కొడవలూరు దాకా బస్సు, అక్కణ్ణించి సైకిలు. ఆ దారిలో పచ్చదనం ఉన్నంతసేపు ఉండి, ఉప్పుటేటి గాలి తగిలే చోట తెల్లగా పొరలెత్తిన నేల మొదలవుతుంది. ఊరి పేరు రాయను. అక్కడ పెంచలయ్య అనే రైతు ఇంటికి వెళ్ళాను. యాభై దాటిన మనిషి. మంచం వాల్చి, మజ్జిగ ఇప్పించి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"కొత్తవడ్ల సగం ఏమైంది పెంచలయ్యా?"

"గొడ్లు మేసినాయి సార్."

"ఎవరి గొడ్లు?"

"మాయే. నేనే తోలినా."

"పైరు మీదికి గొడ్లను తోలేవాడు ఎవరన్నా ఉంటారా?"

పట్నంవాడికి ఎట్లా చెప్పాలా అని ఒక్క క్షణం ఆలోచించాడు. "పైరుంటే ఎందుకు తోల్తా సార్? అంతా మాడిపొయినాకనే తోలినా. ఎండిన పైరుకి కొడవలి పెట్టగూడదు. పెడితే మళ్ళీ ఏడు గూడా అట్టనే అవతాదంటారు మా పక్క. గొడ్లకన్నా కడుపు నిండుద్దని ఇడిచిపెట్టినా."

"మరి ఆ మాట డిమాన్‌స్ట్రేటరుకి చెప్పలేదేం?" అన్నాను. డిమాన్‌స్ట్రేటరంటే కొత్త పద్ధతులు రైతులకు చూపించే ఉద్యోగి.

"కోసినారా అని అడిగినాడు. లేదు సార్, గొడ్లు మేసినాయి అన్నా. రాసుకున్నాడు, పొయినాడు."

అబద్ధమేమీ ఆడలేదు. గొడ్లు మేసిన మాట నిజం. ఎండిపోయిన పంటను ఎండిందని నోటితో అనడం కూడా వాళ్ళకి ఇష్టముండదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనే ఇళ్ళలోనే కదా మనమూ పెరిగింది. ఆ మర్యాద తెలియక మా పట్టిక చచ్చిన పైరును గొడ్లు మేసిన మంచి పైరు అనుకుంది.

అప్పటిదాకా గడప లోపల నిలబడి వింటున్న అతని భార్య రమణమ్మ బయటికి వచ్చింది.

"కయ్యదేం తప్పుండాది సార్? చెయ్యిదే తప్పు" అంది.

ఏ చెయ్యి అని అడిగాను. పెంచలయ్య తల దించుకున్నాడు. రమణమ్మే చెప్పింది. వాళ్ళలో నాట్లప్పుడు మొదటి పిడికెడు నారు మంచి చేతితో పెట్టిస్తారు. ఎర్రవడ్ల సగంలో ఆమె పెట్టింది. కొత్తవడ్ల సగంలో కోడలు చెంగమ్మ చేత పెట్టించింది. అప్పటికి చెంగమ్మకి నాలుగు నెలల మగబిడ్డ. బిడ్డనెత్తుకున్న చెయ్యి కదా, కొత్త విత్తనానికి కలిసొస్తుందని అత్తే ముచ్చటపడి పిలిచింది. పుష్యమాసంలో బిడ్డకి జ్వరం వచ్చింది. మూడోనాటికి పోయాడు. ఆ నెల తిరక్కుండానే కోడలు నాటిన సగం మాడిపోయింది, అత్త నాటిన సగం నిలబడింది.

"నేను గూడా ముందు అట్ట అనుకోలా సార్" అంది రమణమ్మ. "మీ ఆఫీసాయనే వచ్చి అందర్లో చెప్పినాడు, మీ కయ్యలో నాలుగున్నర బస్తాలు పండాల్సింది, లెక్క కట్టినాం అని. పండాల్సింది పండలేదంటే ఎవరో చెరిపినట్టే గదా?"

డిమాన్‌స్ట్రేటరు పాపం రైతులకు ఉత్సాహం కలగాలని చెప్పాడు. ఎర్రసిరా గీత సంగతి ఆయనకీ తెలియదు. షరతు కుదరని చోట వాడిన ఒక సూత్రం ఆఫీసు గోడలు దాటి వచ్చి, ఈ ఇంట్లో సాక్ష్యం చెప్పింది. చెంగమ్మను పుట్టింటికి పంపేశారు. ఆమె మొగుడు శీనయ్య కొట్టంలో ఎద్దులకు గడ్డి వేస్తూ అంతా విన్నాడు, తలెత్తలేదు. రమణమ్మ మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే అదీ చేతకాలేదు. మనవడు పోయిన మనిషి, ఎవరి మీదో ఒకరి మీద పడాలి కదా ఆ దుఃఖం.

సైకిలు దగ్గరికి నాతో వచ్చి పెంచలయ్య మెల్లిగా అన్నాడు: "సార్, అది ఉప్పేనని, మా కోడలి చెయ్యి కాదని మీరు చెప్తే నేను పొయి పిల్చకొస్తా. నా మాట ఇంట్లో చెల్లదు. మీ లెక్క మాట చెల్లతాది."

తిరుగుదారంతా ఆ మాట నన్ను పొడుస్తూనే ఉంది. అప్పటిదాకా నా లెక్క తప్పయితే ఆఫీసరు చీవాట్లు పెడతాడన్న భయం ఒక్కటే నాకు తెలుసు.

మిగతా మూడు కయ్యల రైతుల దగ్గరికీ వెళ్ళాను. మూడూ వేరువేరు ఊళ్ళు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. అందరూ మొదట చెప్పింది గొడ్లు మేసినాయనే. నిదానంగా కూర్చుని అడిగితే అందరివీ మాడిపోయిన పైర్లే. ఎవరి ఇంట్లో వాళ్ళు తలా ఒక కారణం చెప్పుకుంటున్నారు. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు ఎరువు పడలేదన్నారు. మొదటి నారు ఎవరు పెట్టారని కూడా అడిగాను. మూడిళ్ళలోనూ ముగ్గురు వేరే ఆడవాళ్ళు. అందులో ఒక ముసలమ్మ చేతికి ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అంతా మొక్కేవాళ్ళు, ఆమె పెడితే రాయి కూడా మొలుస్తుందని.

మొత్తం పన్నెండు కయ్యల మట్టీ తెచ్చి పరీక్షకు ఇచ్చాను. ఏ సంచి ఎవరిదో పరీక్ష చేసేవాళ్ళకి చెప్పలేదు. పంట చూసుకుని ఇవి ఉప్పు కయ్యలు, ఇవి మంచి కయ్యలు అని నేనే విడదీస్తే అది లెక్క కాదు, నాకు కావలసిన జవాబుకు దారి వేసుకోవడం. అయిదు సంచుల్లో ఉప్పు తేలింది. కార్తీకం తుపానుకు ఉప్పుటేరు పొంగి, ఆ తర్వాత ప్రతి పోటుకీ నీళ్ళు ఎక్కిన కయ్యలవి. మా నాలుగు ఖాళీ గళ్ళూ ఆ అయిదింటిలోనే ఉన్నాయి. ఎర్రవడ్లు ఆ ఉప్పుకు ఓర్చుకున్నాయి, కొత్తరకం ఓర్చుకోలేకపోయింది.

ఆ రిపోర్టుతో రంగనాథం గారి ముందు కూర్చున్నాను. పాత రిపోర్టులో వాడింది టి-టెస్ట్. రెండు సగటుల మధ్య తేడా నిజమైనదా, కాకతాళీయమా అని తేల్చే పరీక్ష. తేడాలన్నీ ఒక నడుమ చుట్టూ గుమిగూడి, అటూ ఇటూ పల్చబడుతూ పోవాలన్నది దాని షరతు. ఇక్కడ తేడాలు రెండు కుప్పలుగా ఉన్నాయి. పోటు నీళ్ళు ఎక్కని మెరక కయ్యల్లో కొత్తరకం బాగా ఎక్కువ, ఉప్పు కయ్యల్లో నాలుగింట సున్నా, అయిదోదాంట్లో నామమాత్రం. సగటు వచ్చి పడిన చోట ఒక్క కయ్య కూడా లేదు.

"సున్నాలు కలిపినా టి-టెస్ట్ వేయొచ్చు కదా" అన్నారు.

"వేయొచ్చండీ. ఒక కాలు నిప్పుల్లో, ఒక కాలు మంచులో పెట్టినవాడికి సగటున హాయిగా ఉందని వస్తుంది."

ఆయనకు నవ్వు రాలేదు కానీ కళ్ళజోడు తీశారు. "మరేం చేద్దామంటావు?"

ముందు కయ్యలను ఉప్పును బట్టి రెండుగా విడదీద్దామన్నాను. ఆ తర్వాత బస్తాల జోలికి పోకుండా, ఏ కయ్యలో ఏది గెలిచిందో ప్లస్సు, మైనస్సు గుర్తులు మాత్రం లెక్కపెడదామన్నాను. దాన్ని సైన్ టెస్ట్ అంటాం. అది బీదవాడి పద్ధతి. ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అన్నది పట్టించుకోదు కనుక కొంత సమాచారం పోతుంది. అయితే తేడాలు నడుమ గుమిగూడి గంట ఆకారంలో ఉండాలని పట్టుబట్టదు. ఉప్పు కయ్యలు అయిదింటిలోనూ ఎర్రవడ్లే గెలిచాయి. మెరకలో ఒక్కచోట సరిసమానం, మిగతా అన్నిచోట్లా కొత్తరకం.

"అయిదు చిన్న సంఖ్యయ్యా" అన్నారాయన.

"చిన్నదేనండీ. అయినా కళ్ళతో చూసిన అయిదు."

ఆయనే కలం తీసి ఎర్రసిరా గళ్ళ నాలుగింటినీ కొట్టేశారు. నాలుగు చోట్లా సున్నా రాశారు. పోటు నీళ్ళు ఎక్కే పొలాలకు కొత్తరకం పంచవద్దని రిపోర్టు మారింది. ఉద్యోగంలో అది నా మొదటి గెలుపు. ఇంటికి రాస్తే మా నాన్న, "సున్నాలు రాయడానికా నీకు జీతం" అని జవాబు రాశాడు.

ఆ ఆదివారం పెంచలయ్య ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చుని, ఇంటిల్లిపాదికీ అర్థమయ్యేటట్టు చెప్పాను. నాలుగు ఊళ్ళలో నలుగురి చేతులు, నాలుగు చోట్లా మట్టిలో ఉప్పు తేలిందని, ఒకటే జరిగిందని చెప్పాను. ముసలమ్మ పేరు వినగానే రమణమ్మ ఉలిక్కిపడింది.

"ఆమె పెట్టింది గూడానా?"

"ఆమెది కూడా."

"నాలుగున్నర బస్తాలు అన్నారే?"

"అది పండే పంట కాదమ్మా. మా ఆఫీసులో ఊహించి రాసిన అంకె. తప్పు."

"నేనే పిలిచినా సార్ దాన్ని, నువ్వు పెట్టు తల్లీ అని" అంది రమణమ్మ. అంతే, లోపలికి పోయింది. పెంచలయ్య కండువా భుజాన వేసుకున్నాడు. "మీరు గూడా రాండి సార్. నేను చెప్తే ఆ పిల్ల, మామ ఓదార్పుకి చెప్పే మాటలనుకుంటాది."

రైల్లో గూడూరు దాకా వెళ్ళి, అక్కణ్ణించి జట్కాలో చిల్లకూరు పక్కన కోడలి పుట్టింటి పల్లెకు చేరాం. చెంగమ్మకి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. చెరుగుతున్న చేట పక్కన పెట్టి, మామకి కాళ్ళకు నీళ్ళిచ్చి, దూరంగా గోడకు ఆనుకుని నిలబడింది. నేను మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా ఏ పెద్ద ఆఫీసరుకూ ఏ లెక్కా వివరించలేదు. ఆమె అడ్డు చెప్పకుండా వింది.

"ఉప్పేనమ్మా" అన్నాడు పెంచలయ్య. "నీ చెయ్యి కాదు. సారు లెక్కేసి తేల్చినాడు. రా తల్లీ, పోదాం."

ఆమె మామ వంక చూడలేదు, నా వంక చూసింది.

"సార్, కయ్యకి లెక్కేసినారు. బిడ్డకి గూడా ఎయ్యండి."

నాకు అర్థం కాలేదన్నట్టు చూశాను. అర్థమైంది నిజానికి.

"కయ్యని నా చెయ్యే చెరిపిందన్నారు, బిడ్డని గూడా నా చెయ్యే తిన్నదన్నారు. ఆ రెండోది గూడా తేల్చి చెప్పండి. అది గూడా నా చెయ్యి కాదా సార్?"

"కాదమ్మా" అన్నాను వెంటనే.

"లెక్క ఎయ్యకుండా ఎట్ట చెప్తారు?"

అబద్ధం చెప్పి పంపేయవచ్చు. కానీ అంతసేపూ నా మాట నమ్మింది నేను లెక్కతో మాట్లాడాననే. "కయ్యలు చాలా ఉన్నాయి కాబట్టి ఒకదానితో ఒకటి పోల్చి చెప్పగలిగానమ్మా" అన్నాను. "ఒక్కటే ఉంటే మా లెక్క ఏమీ చెప్పలేదు. నీ బిడ్డ ఒక్కడే కదా."

"ఒక్కడే సార్" అంది.

ఏడవలేదు. పెంచలయ్య మాత్రం కండువాతో మొహం కప్పుకుని అరుగు మీద కూలబడ్డాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడినుంచి లేచి ఎటన్నా పోదామనిపించింది, పోలేకపోయాను.

ఆ నెలలోనే చెంగమ్మ అత్తగారింటికి తిరిగి వచ్చిందని పెంచలయ్య ఆఫీసుకు వచ్చి చెప్పాడు. సంతోషించాను. ఆ ఏడు నాట్ల రోజుల్లో ఇంకో ప్రయోగం పని మీద ఆ దారిన పోతూ వాళ్ళ కయ్య దగ్గర ఆగాను. రెండు సగాల్లోనూ ఎర్రవడ్లే నాటుతున్నారు. ఆడవాళ్ళు బారుగా నిలబడి ఉన్నారు. రమణమ్మ నారుకట్ట విప్పి, మొదటి పిడికెడు చెంగమ్మ వైపు చాపింది.

"పెట్టు తల్లీ."

"వద్దత్తా. నువ్వే పెట్టు."

"సారు చెప్పినాడు గదమ్మా."

"కయ్య సంగతి చెప్పినాడు" అంది చెంగమ్మ. గట్టు మీదే నిలబడి చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది. అత్త ఎంత బతిమాలినా దిగలేదు. అందరూ రెండు వరుసలు నాటుకుంటూ పోయాక, చివర్లో నీళ్ళలోకి దిగి, అందరికంటే వెనక వంగింది. రమణమ్మ నన్ను చూసి మళ్ళీ నాట్లకు వంగింది.

ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళు ఆ ఉద్యోగం చేశాను. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఏ డేటాకి ఏ పరీక్ష వాడాలని అడిగితే, ముందు ఖాళీలు ఎందుకు ఖాళీగా ఉన్నాయో తెలుసుకోమనేవాణ్ణి. ఉప్పు కయ్యా, మెరక కయ్యా కలిపి సగటు కట్టవద్దనేవాణ్ణి. షరతులు తక్కువ అడిగే పద్ధతిని చిన్నచూపు చూడవద్దనేవాణ్ణి. ఇవన్నీ ఆ పట్టిక నేర్పినవే, పుస్తకాల్లోనూ దొరుకుతాయి.

చెంగమ్మ నేర్పింది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. లెక్క ఎంత సరిగ్గా వేసినా అది గుంపు గురించే మాట్లాడుతుంది. ఒక్కడి దగ్గర దానికి నోరు లేదు. ఆ రోజు ఆ గోడ దగ్గర నేను లెక్కల మనిషినని మరిచిపోయి, పక్కన కూర్చుని, ఆ బిడ్డ పేరేమిటని అడగవలసింది. ఎవరూ అడిగినట్టు లేరు. నేనూ అడగలేదు.